దివ్యజ్ఞాన సమాజం వామమార్గమా? హన్మకొండ అబ్బాయి ప్రశ్నకు జవాబు

నీ ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి, అందుకే ముందు వాటిని విడదీస్తాను. హన్మకొండలో పీజీ చదువుతూ, దివ్యజ్ఞాన సమాజాన్ని (థియోసాఫికల్ సొసైటీని) స్థాపించినవాళ్లలో ఒకరైన బ్లావట్‌స్కీ పుస్తకాలు ఫోన్‌లో చదవడం మొదలుపెట్టావు. ఆమె 'లూసిఫర్' అనే పత్రిక నడిపింది కాబట్టి దివ్యజ్ఞాన సమాజం సైతానును కొలిచే గుంపు అని ఒక వీడియోలో విన్నావు. నీ క్రైస్తవ స్నేహితుడు కూడా అదే అన్నాడు. అది విని నాయనమ్మ 'అవి క్షుద్రవిద్యలు బిడ్డా, ఇంట్లకు తేకు' అంది. ఈలోపు పరిచయమైన ఒకాయన 'థియోసఫీ బయటి గడప మాత్రమే, లోపలి గది వామాచారం, రూ.21,000 ఇస్తే దీక్ష ఇస్తా' అంటున్నాడు. ఇందులో ఏది నిజం, ఎవరి మాట నమ్మాలి అని అడిగావు.

నేను ముప్పై ఏళ్లకు పైగా కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా మేనమామ సమాజం కేంద్రమైన మద్రాసు అడయార్ నుంచి తపాలాలో తెప్పించుకున్న పుస్తకాలు పదహారో ఏట నా చేతికి వచ్చాయి, అప్పటి నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు. సమాజంలో సభ్యుణ్ని కాను. మా పిల్లల వయసువాడివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు.

సూటి జవాబు ముందే చెప్పేస్తాను. దివ్యజ్ఞాన సమాజం వామమార్గం కాదు, సైతాను పూజా కాదు. ఆయన చెప్పే లోపలి గదీ లేదు. అయితే ఇవాళ ఇంగ్లీషు పుస్తకాల్లో, వీడియోల్లో వినిపించే 'లెఫ్ట్ హ్యాండ్ పాత్' అన్న మాటకు చేతబడి అనే అర్థం అంటించి ప్రపంచమంతా తిప్పినవాళ్లలో బ్లావట్‌స్కీయే ముఖ్యురాలు. మన దగ్గరి మాటను తీసుకుంది, అర్థం మార్చింది, మారిన అర్థంతో అది తిరిగి మన ఇళ్లకే వచ్చింది. మీ నాయనమ్మ భయం, వీడియోలో ఆయన కేకలు, దీక్ష అమ్మే ఆయన బేరం, అన్నీ ఆ తారుమారు మీదే నడుస్తున్నాయి.

అసలు మాట దగ్గరికి వద్దాం. మన తంత్ర గ్రంథాల్లో వామాచారం అంటే ఒక ఆచారం, ఒక సాధన పద్ధతి. కులార్ణవ తంత్రం ఏడు ఆచారాలను మెట్ల వరసలో చెబుతుంది: వేదాచారం, వైష్ణవాచారం, శైవాచారం, దక్షిణాచారం, వామాచారం, సిద్ధాంతాచారం, కౌలాచారం. ఆ వరస ఒకసారి చూడు. వామాచారం దక్షిణాచారానికి పై మెట్టు మీద ఉంది. మంచికి ఎదురుగా నిలబెట్టిన చెడు కాదది. వామ అంటే ఎడమ ఒక్కటే కాదు, అందమైనది అని, స్త్రీ అని కూడా అర్థాలున్నాయి. అర్ధనారీశ్వరుడిలో అమ్మవారు ఉండేది ఎడమవైపే కదా. మద్యం, మాంసం, మత్స్యం, ముద్ర, మైథునం అనే పంచమకారాలు ఈ పద్ధతిలో వస్తాయి, ఆ మాట దాచాల్సిన పనిలేదు. కానీ అదే కులార్ణవం, తాగినంత మాత్రాన సిద్ధి వచ్చేదుంటే తాగుబోతులందరికీ సిద్ధి రావాలి కదా అని నిలదీస్తుంది. కత్తి అంచు మీద నడవొచ్చు, పులి మెడ పట్టుకుని వేలాడొచ్చు, పామును చేత్తో పట్టుకోవచ్చు, కులమార్గంలో, అంటే కౌలసాధనలో, నిలబడడం మాత్రం అంతకన్నా కష్టం అంటుంది. ఆ హెచ్చరిక రాసింది బయటి విమర్శకులు కాదు, ఆ దారిలో నడిచినవాళ్లే.

లోపల వాదాలు లేవని కాదు. సౌందర్యలహరికి వ్యాఖ్య రాసిన లక్ష్మీధరుడు సమయమతం, కౌలమతం అని రెండుగా విడదీసి, పూజంతా లోపలే జరగాలనే సమయమతాన్నే సమర్థించాడు, కౌలాన్ని గట్టిగానే తప్పుపట్టాడు. కానీ అది ఒకే అమ్మవారిని ఎలా కొలవాలన్న తగాదా. ఇంట్లో అన్నదమ్ములు పడే గొడవలాంటిది.

19వ శతాబ్దం మొదట్లో కోల్‌బ్రూక్, విల్సన్ లాంటి ఇంగ్లీషు పండితులు ఈ గ్రంథాలను తమ పాఠకులకు పరిచయం చేస్తూ వామాచారులను 'ఎడమచేతి ఆరాధకులు' అని అనువదించారు. యూరప్‌లో ఎడమకు ముందే చెడ్డపేరు ఉంది. ఇంగ్లీషులో కీడును సూచించే 'సినిస్టర్' అన్న మాట లాటిన్‌లో ఎడమ అన్న మాటే. మన మెట్ల వరస ఆ అనువాదంలో మాయమై, కుడి అంటే మంచి, ఎడమ అంటే చెడు అన్న రెండే మిగిలాయి.

1875 నవంబర్ 17న న్యూయార్క్‌లో బ్లావట్‌స్కీ, ఆల్కాట్, జడ్జ్ కలిసి దివ్యజ్ఞాన సమాజాన్ని మొదలుపెట్టినప్పటికి భూమి ఇలా తయారై ఉంది. 1877లో వచ్చిన 'ఐసిస్ అన్‌వీల్డ్', 1888లో వచ్చిన 'ద సీక్రెట్ డాక్ట్రిన్', ఆమె చనిపోయాక 1892లో అచ్చయిన పదకోశం, అన్నింట్లోనూ ఒకటే చూపు కనిపిస్తుంది. పదకోశంలో తాంత్రికం అన్న చోట, శాక్తులు రెండు రకాలనీ, దక్షిణాచారులు తెల్ల మాంత్రికులనీ, వామాచారులు నల్ల మాంత్రికులనీ తేల్చేసింది. ఏడు మెట్లున్న చోట రెండు రంగులు మిగిలాయి.

ఇంకోటి చెబుతా, నాకు ఇప్పటికీ బాధ కలిగించేది. విద్యలు నాలుగు రకాలని ఆమె ఒకచోట రాసింది: యజ్ఞవిద్య, మహావిద్య, గుహ్యవిద్య, ఆత్మవిద్య. ఇందులో ఆత్మవిద్య ఒక్కటే అసలైనది, మహావిద్య అంటే తాంత్రికుల మంత్రజాలం, తరచూ ఘోరమైన చేతబడి అని వివరణ. మహావిద్య అన్న మాట వింటే నీకేం గుర్తొస్తుంది? దశమహావిద్యలు. కాళి, తార, త్రిపురసుందరి, భువనేశ్వరి, చివరికి కమల, అంటే మనం రోజూ దీపం పెట్టే లక్ష్మి. ఆ పది రూపాలనూ అమ్మగా చూసే జనం మీద ఆ ఒక్క వాక్యం ఎంత మసి పూసిందో చూడు.

మన ఊళ్లోనే ఉన్న ఉదాహరణ తీసుకో. భద్రకాళి గుడిలో ఇప్పుడు అమ్మవారి ముఖం ఎంత ప్రశాంతంగా ఉంటుందో నీకు తెలుసు. ఒకప్పుడు నాలుక చాపిన ఉగ్రరూపమని, 1950 ప్రాంతంలో జీర్ణోద్ధారణ జరిగినప్పుడు ఆ రూపాన్ని శాంతింపజేసి, బలులు ఆపించారని పెద్దలు చెబుతారు. పద్ధతి మారింది. కానీ అంతకుముందు అక్కడ బలి ఇచ్చిన తాతముత్తాతలను ఎవరూ నల్ల మాంత్రికులు అనలేదు. ఉగ్రంగా కొలిచినా శాంతంగా కొలిచినా అమ్మ ఒకతే అనుకున్నారు. ఇంకా దూరం వెళ్లు, మేడారం జాతరకు. గద్దెల మీద బంగారం అని బెల్లం పెట్టి, యాటను కోసి, విడిది దగ్గర వండుకుని తిని, కల్లు తాగి నిద్రపోయే మన జనాన్ని ఆ రెండు రంగుల లెక్కలో ఎక్కడ పెడతావు?

బ్లావట్‌స్కీ చేసిన పొరపాట్లలో పెద్దది 'దుగ్పా'ల విషయం. టిబెట్, భూటాన్ వైపు ఎర్రటోపీల దుగ్పాలు ఉన్నారని, వాళ్లు ఎడమదారి మాంత్రికులని పుస్తకాల్లో పదేపదే రాసింది. తర్వాతి థియోసఫిస్టుల రాతల్లో దుగ్పా అన్నది చేతబడి చేసేవాడికి మారుపేరైపోయింది. నిజానికి ద్రుక్పా అనేది టిబెటన్ బౌద్ధంలో శతాబ్దాల నాటి గురుపరంపర. భూటాన్ వాళ్లు తమ దేశాన్ని పిలుచుకునే పేరు 'ద్రుక్ యుల్'లో ఉన్నది ఆ మాటే. ఒక దేశపు గురువులందరినీ ఒక్క ముద్రతో చీకటి మనుషులను చేసేసింది.

ఇది చదివినప్పుడల్లా నాకు మన కాకతీయుల కాలపు కాలాముఖులు అనే శైవ శాఖవాళ్లు గుర్తొస్తారు. యామునాచార్యులు, ఆ తర్వాత రామానుజాచార్యులు కాలాముఖుల గురించి రాసింది చదివితే ఒళ్లు జలదరిస్తుంది: పుర్రెలో తింటారు, శవాల బూడిద పూసుకుంటారు, ఆ బూడిద తింటారు, కల్లుకుండ పెట్టుకుని అందులో దేవుణ్ని పూజిస్తారు. వందల ఏళ్లు ఇదే మాట నడిచింది. 1972లో డేవిడ్ లోరెంజెన్ అనే పరిశోధకుడు కర్ణాటక శాసనాలన్నీ దగ్గర పెట్టుకుని చూస్తే వేరే బొమ్మ కనిపించింది. శాసనాల్లో కాలాముఖులు న్యాయశాస్త్రం, వ్యాకరణం చెప్పే పండితులు, మఠాధిపతులు. బళ్లిగావెలోని కోడియ మఠం గురించి 1162 నాటి శాసనం ఒకటుంది. అక్కడ నాలుగు వేదాలు చెబుతారని, కుంటివాళ్లకు, గుడ్డివాళ్లకు, దిక్కులేనివాళ్లకు అన్నం పెడతారని, రోగులకు వైద్యం చేస్తారని రాసి ఉంది. మన వేయిస్తంభాల గుడి 1163 నాటిది, అంటే ఒక్క ఏడాది తేడా.

మన దగ్గరా ఆ గురువులు ఉన్నారు. కాజీపేట దర్గా దగ్గర దొరికిన శాసనంలో కాకతి రెండో బేతరాజు రామేశ్వర పండితుడికి ఊరు దానమిచ్చిన సంగతి ఉంది. ఆయన శ్రీశైలం మల్లికార్జున శిలామఠానికి చెందిన కాలాముఖ ఆచార్యుడు. నువ్వు రోజూ బస్సులో దాటి వెళ్లే ఈ నేల మీద, 'పుర్రెల్లో తినేవాళ్లు' అని పేరుపడ్డ శాఖ గురువు ఒక రాజవంశానికి దీక్ష ఇచ్చాడు. కాలాముఖుల్లో తీవ్రమైన ఆచారాలవాళ్లు ఒక్కరూ లేరని నేను అనను. అవతలి పక్షం చెప్పిన ఒక్క మాట పట్టుకుని మొత్తం పరంపర మీద తీర్పు చెప్పకూడదంటున్నా. 'ఎడమదారి' అన్న మాట కనిపించినప్పుడల్లా ఇది ఆ మనుషులు తమకు పెట్టుకున్న పేరా, పక్కవాళ్లు అంటించిన పేరా అని అడుగు. నా విద్యార్థులకు నేను నేర్పించాలని చూసిందంతా ఆ ఒక్క అలవాటే.

ఇంత చెప్పాక బ్లావట్‌స్కీని పక్కన పడేయమంటానని అనుకుంటావేమో. కాదు. ఆమె పేర్లు పెట్టిన తీరు తప్పు, కానీ ఆమె చేతిలో ఉన్న కొలబద్ద గొప్పది. 1888లో తన పత్రికలో రెండు వ్యాసాలు రాసింది, ఒకటి ఆచరణలో గుప్తవిద్య గురించి, రెండోది గుప్తవిద్యకూ గుప్తకళలకూ తేడా గురించి. శక్తి ఒక్కటే, దాన్ని తెల్లగానో నల్లగానో చేసేది వాడేవాడి ఉద్దేశం ఒక్కటే అని అక్కడ స్పష్టంగా చెప్పింది. మనసులో రవ్వంత స్వార్థం మిగిలి ఉన్నా, మేలు చేద్దామని మొదలుపెట్టిన పని కూడా కీడుగా తిరిగే ప్రమాదం ఉందంటుంది. మంత్రం, హిప్నాటిజం, భవిష్యత్తు చూడడం, ఇవన్నీ కళలు, ఎవరైనా నేర్చుకోవచ్చు. గుప్తవిద్య అంటే తనను తాను వదులుకోవడం అంటుంది.

ఈ లెక్కలో ఎడమదారి మద్యంలో లేదు, మాంసంలో లేదు. నేను వేరు, మిగతావాళ్లు వేరు, నాకు శక్తి కావాలి అన్న పట్టుదలలో ఉంది. బుద్ధి బాగా పెరిగి గుండె ఎండిపోయినవాణ్నే ఆమె ఛాయా సోదరుడు అంది. 1889లో వచ్చిన 'ద వాయిస్ ఆఫ్ ద సైలెన్స్'లో ఇంకా లోతుకు వెళ్లింది. తన మోక్షం తాను చూసుకుని వెళ్లిపోయేవాడికన్నా, గడప దాకా వెళ్లి లోకం కోసం వెనక్కి తిరిగేవాడే పెద్ద అని ఆ పుస్తకం సారం. నా దగ్గరున్న ప్రతిలో ఆ పేజీ మీద మా మామయ్య పెన్సిల్ గీతలు ఇంకా ఉన్నాయి. దమ్ముతో ఆయన మంచం పట్టిన ఏడాది, ఆ పేజీయే మళ్లీ మళ్లీ చదివి వినిపించమనేవాడు.

ఆ వ్యాసాలకు వెనక ఒక గాయం ఉందని నాకనిపిస్తుంది. గాల్లోంచి ఉత్తరాలు రావడం, గంటలు మోగడం లాంటి అద్భుతాలతో సమాజానికి మొదట్లో జనం వచ్చారు. 1884లో అడయార్‌లో పనిచేసిన దంపతులు అవన్నీ నాటకాలని బయటపెట్టారు. 1885లో లండన్ సైకికల్ రీసెర్చ్ సొసైటీ తరఫున హాడ్జ్‌సన్ ఇచ్చిన రిపోర్టు ఆమెను మోసగత్తె అంది. వందేళ్ల తర్వాత, 1986లో, వెర్నన్ హారిసన్ అనే దస్తావేజుల నిపుణుడు ఆ రిపోర్టు పక్షపాతంతో నిండి ఉందని అదే సొసైటీ పత్రికలో రాశాడు. ఎవరిది నిజమైనా, అద్భుతాలు చూపించి మనుషులను పోగేస్తే ఏమవుతుందో ఆమె అనుభవించింది. కళలు వేరు, విద్య వేరు అని అంత గట్టిగా చెప్పింది ఆ తర్వాతే.

ఆమెతో ఎదురెదురుగా వాదించిన తెలుగువాడు ఒకాయన ఉన్నాడని నీకు తెలుసా? 1856లో కాకినాడలో పుట్టిన తల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసులో లాయరు. 1886లో అడయార్‌లో గీత మీద ఆయన చేసిన ఉపన్యాసాలు ఇప్పటికీ చదవదగ్గవి. మనిషిలో ఏడు తత్వాలున్నాయన్న బ్లావట్‌స్కీ లెక్కను ఒప్పుకోక, నాలుగుగా విడదీయడమే మన సంప్రదాయానికి సరిపోతుందని 'థియోసఫిస్ట్' పత్రికలోనే వాదించాడు. 'సీక్రెట్ డాక్ట్రిన్' రాతప్రతిని సరిచూడమని ఆమె పంపితే నిరాకరించాడు. 1890లో, ముప్పై నాలుగేళ్లు నిండకుండానే పోయాడు. ఆమె మీద గౌరవం ఉంచుకుని, ఒప్పుకోని చోట ఒప్పుకోనని చెప్పడం ఎలాగో ఆయన దగ్గర నేర్చుకోవచ్చు.

ఇక లూసిఫర్. లాటిన్‌లో ఆ మాటకు వెలుగు తెచ్చేది అని అర్థం, తెల్లవారుజామున కనిపించే శుక్రుడి పేరు, మన వేగుచుక్క. నాలుగో శతాబ్దంలో సార్డీనియా ద్వీపంలో లూసిఫర్ అనే పేరున్న క్రైస్తవ బిషప్పే ఉన్నాడు, అంటే అప్పటికి అది బిడ్డలకు పెట్టుకునే పేరు. యెషయా గ్రంథం 14వ అధ్యాయంలో బబులోను రాజును ఎత్తిపొడుస్తూ చెప్పిన మాట లాటిన్ బైబిల్లో లూసిఫర్‌గా వచ్చింది, తర్వాత్తర్వాత అది సైతాను పేరుగా స్థిరపడింది. బ్లావట్‌స్కీ 1887 సెప్టెంబరులో లండన్‌లో పత్రిక మొదలుపెడుతూ, మొదటి సంచికలోనే ఈ పేరు ఎందుకో రాసింది. ఆమె పోయిన కొన్నేళ్లకు, 1897లో, పత్రిక పేరు మార్చేశారు. వీడియోల్లో ఎప్పుడూ వచ్చే ఇంకో పేరు ఆలిస్ బెయిలీ. ఆమె సమాజం నుంచి బయటికొచ్చి పెట్టుకున్న ప్రచురణ సంస్థ మొదటి పేరు లూసిఫర్ పబ్లిషింగ్, కొద్ది కాలానికే లూసిస్‌గా మార్చారు.

అయితే నీకు సగం నిజం చెప్పి వదలను. 'సీక్రెట్ డాక్ట్రిన్'లో బ్లావట్‌స్కీ ఏదెను తోట పామును శత్రువుగా చూడలేదు, మనిషికి తెలివినిచ్చినవాడిగా చూసింది. నిప్పు దొంగిలించి మనుషులకిచ్చిన ప్రొమీథియస్‌తో, మానవుడికి మనసునిచ్చిన మానసపుత్రులతో కలిపి చదివింది. క్రైస్తవ స్నేహితుడికి ఇది గుచ్చుకుంటుంది, గుచ్చుకోవడంలో తప్పులేదు. తర్వాతి కాలంలో పాశ్చాత్య ఎడమదారివాళ్లు ఈ పేజీలను తమకు కావలసినట్టు వాడుకున్నారు కూడా.

వాళ్లెవరు? అలెస్టర్ క్రౌలీ సమాజం పుట్టిన 1875లోనే పుట్టాడు, 'వాయిస్ ఆఫ్ ద సైలెన్స్'కు వ్యాఖ్య కూడా రాశాడు. అంత పేరుమోసిన క్రౌలీ సైతం ఎడమదారి అన్న మాటను తిట్టుగానే వాడాడు. దాన్ని బిరుదుగా తగిలించుకున్నది ఆ తర్వాతివాళ్లు. 1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆంటన్ లావే 'చర్చ్ ఆఫ్ సేటన్' పెట్టాడు. ఆయనకు దేవుడూ లేడు, సైతానూ లేడు, సైతాను అహానికి ఒక గుర్తు మాత్రమే. 1975లో మైఖేల్ అక్వినో దాన్నుంచి విడిపోయి 'టెంపుల్ ఆఫ్ సెట్' పెట్టాడు. వీళ్ల గురి ఏమిటంటే, నా చైతన్యం దేంట్లోనూ కలిసిపోకూడదు, విడిగా నిలబడి తానే దేవుడంతది కావాలి. దివ్యజ్ఞానం చెప్పేది సరిగ్గా దీనికి ఎదురు, విడిగా ఉన్నాననే భావమే అన్ని రోగాలకూ మూలం అంటుంది. మన వామాచారం కూడా వీళ్లకు చుట్టం కాదు. వీరసాధకుడు నియమాన్ని దాటేది శివశక్తుల్లో లయం కావడానికి. మాట ఒక్కటే అయినా దాని కింద మూడు వేర్వేరు సంగతులున్నాయి, ఒకదాని బురద ఇంకోదాని మీద పడుతోంది.

మీ నాయనమ్మ భయం మాత్రం పుస్తకాలది కాదు. అందుకే దాన్ని తేలిగ్గా తీసుకోకు. ఆ తరం వాళ్లు కళ్లతో చూసినవి ఉన్నాయి. నేనూ ఒకటి చూశాను. పరకాల వైపు మా అమ్మమ్మ ఊళ్లో కామెర్లకు పసరు పోసే ఒక అవ్వ ఉండేది. పుర్రచేతి వాటం ఆమెది. ఎడమచేత్తో ముంత ఎత్తి పోస్తుంటే పిల్లలం వింతగా చూసేవాళ్లం. నేను డిగ్రీ చదివే రోజుల్లో, ఎండాకాలం సెలవుల్లో అక్కడే ఉన్నా. ఆమె పసరు పోసిన ఒక పిల్లవాడికి జబ్బు ముదిరింది, కళ్లు పసుపుముద్దలయ్యాయి, మాట తడబడింది. 'పుర్రచేత్తో పోసింది, మంత్రం పెట్టి పోసింది' అని ఎవరో అన్నారు. చీకటి పడేసరికి అవ్వను ఇంట్లోంచి లాక్కొచ్చి వేపచెట్టుకు కట్టేశారు. పళ్లు ఊడగొడితే మంత్రం పారదని ఒకడు రాయి పట్టుకున్నాడు. మా మామయ్య, బడి హెడ్మాస్టరు వెళ్లి అడ్డం నిలబడ్డారు. నేను వెనక లాంతరు పట్టుకుని ఉన్నా. ఆ వెలుతురులో నాకు కనిపించింది ఆమె ఎడమచెయ్యే. తాడు కింద వేళ్లు నల్లబడి, ఆగకుండా వణుకుతున్నాయి.

తెల్లవారి మొదటి బస్సులో పిల్లవాణ్ని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపోయారు. కామెర్లు కాలేయం మీద కొట్టాయన్నారు. మూడు వారాలకు నడిచి ఇంటికొచ్చాడు. పసరు వల్ల అతనికి మేలు జరగలేదు, ఆలస్యం వల్ల కీడే జరిగింది, అది నిజం. కానీ ఆ అవ్వ ఎవరికీ చెడు తలపెట్టలేదు. ఆ వారంలోనే ఊరు విడిచి కూతురింటికి పోయింది, మళ్లీ రాలేదు. మంత్రాల నెపంతో మనిషిని కొట్టారు, చంపారు అన్న వార్త మన జిల్లాల పేపర్లలో చూసినప్పుడల్లా ఆ వేళ్లే గుర్తొస్తాయి. బ్లావట్‌స్కీ లండన్‌లో కూర్చుని ఒక పరంపర మీద వేసిన ముద్ర కాగితం మీద ఉండిపోయింది. మన ఊళ్లో అదే ముద్ర వేస్తే ఒక ముసలమ్మ గూడు పోయింది. ఎవరినైనా ఎడమదారివాడు, క్షుద్రుడు అనే ముందు నేను పదిసార్లు ఆలోచించేది ఇందుకే.

చివరిగా ఆ రూ.21,000 సంగతి. సమాజం మనుషులను అడిగేది కులమతభేదం లేని సోదరభావం, మతాలనూ తత్వాలనూ శాస్త్రాలనూ కలిపి చదవడం, ప్రకృతిలోనూ మనిషిలోనూ తెలియని శక్తుల పరిశోధన. ఈ మూడు ఆశయాలనూ ఒప్పుకుంటే చాలు, ఫలానాది నమ్మాలన్న షరతు లేదు. లోపలి శాఖ ఒకటి 1888లో పెట్టిన మాట నిజం. అందులో చేరాలంటే ముందు కొన్నేళ్లు సభ్యులుగా ఉండాలి, మాంసం, మద్యం మానాలి. పంచమకారాల గది దాని వెనక ఉందనేవాడికి రెండింట్లో ఏదీ తెలియదు. లోకగురువు అని సమాజమే పెంచిన మదనపల్లె కృష్ణమూర్తి, తన చుట్టూ కట్టిన సంస్థను 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో తన చేత్తోనే రద్దు చేశాడు. అలాంటి చరిత్ర ఉన్నచోటు పేరు చెప్పుకుని ఇంత రేటుకు దీక్ష అనడం నాకు మింగుడుపడదు.

ఇటు తంత్రం వైపు చూసినా ఆయన లెక్క కుదరదు. నిజమైన శాక్త పరంపరలో గురువు శిష్యుణ్ని చాలాకాలం చూస్తాడు, శిష్యుడూ గురువును చూస్తాడు, ఆ పరీక్ష ఇద్దరికీ ఉందని గ్రంథాలే చెబుతాయి. మొదటి నెలలోనే నిన్ను వీరుడివి అనేవాడు నీ సాధన చూడలేదు, జేబు చూశాడు. నా స్నేహితుడొకడు ఇలాగే ఒకాయన దగ్గర చేరాడు. మొదట డబ్బు, తర్వాత భార్యాపిల్లలకు చెప్పొద్దన్న ఒట్టు, తర్వాత 'ఆపితే నీ ఇంటికి కీడు' అన్న బెదిరింపు. రెండేళ్లు నిద్రలేక, టెన్షన్‌తో మనిషి సగమయ్యాడు. బయటపడింది భార్య ధైర్యం వల్ల. నీ దగ్గరా ఆయన ఈపాటికే 'ఇంట్లో చెప్పకు' అని ఉంటే ఇక అటు వెళ్లకు. డబ్బు ఇచ్చేసి ఉంటే ఈరోజే నాన్నకు చెప్పు.

చదువు మాత్రం ఆపకు. 'సీక్రెట్ డాక్ట్రిన్' ఇప్పుడే వద్దు, అందులో దారి తప్పుతావు. ముందు ఆ 1888 వ్యాసాలు చదువు, తర్వాత సుబ్బారావు గీతోపన్యాసాలు, ఆ తర్వాత తంత్రం మీద జాన్ వుడ్రాఫ్ 1918లో తెచ్చిన 'శక్తి అండ్ శాక్త'. ఆయన కలకత్తా హైకోర్టు జడ్జి. బ్లావట్‌స్కీ మసి పూసినచోట తుడవడానికి ప్రయత్నించిన ఇంగ్లీషువాడు. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చదివితే ఎవరు ఎక్కడ తొందరపడ్డారో నీకే తెలుస్తుంది. నీ క్రైస్తవ స్నేహితుడితో గొడవ పడకు. అతని ఇంట్లో ఉన్న తెలుగు బైబిలే తీయమను, యెషయా 14వ అధ్యాయం 12వ వచనం ఇద్దరూ కలిసి చదవండి. అక్కడ లూసిఫర్ అన్న మాట ఉండదు, 'వేకువచుక్కా' అని ఉంటుంది.